ఆ పుట్టినరోజు పళ్లెం గురించి ఇక అబద్ధాలు వద్దు

పోయిన ఆదివారం మా అమ్మాయి పదకొండో పుట్టినరోజు. తన స్నేహితురాళ్లు ఆరుగురు, దగ్గరి బంధువులు కొందరు వచ్చారు. పిల్లలు చిప్స్ ప్యాకెట్లు విప్పుకొని కూర్చోగానే మా పెద్దమ్మ కొడుకు అందరికీ వినపడేలా అన్నాడు: "మా కాలంలో ఈ చెత్తంతా ఎక్కడిది? పుట్టినరోజంటే అన్నీ ఇంట్లో చేసినవే. అందుకే ఇప్పటికీ గట్టిగా ఉన్నాం." మా అమ్మాయి చేతిలోని ప్యాకెట్‌ను మెల్లగా బల్ల మీద పెట్టేసింది. ఆ తర్వాత కేకు కూడా సరిగా తినలేదు.

అన్నయ్య చెప్పింది నిజం కాదు. ఆ కాలంలో నేనూ ఉన్నాను. 1985లో విజయవాడ రైల్వే క్వార్టర్సులో అతని పుట్టినరోజుకే వెళ్లి, అతని పక్కనే కూర్చొని తిన్నాను. "ఆ రోజుల్లో అమ్మ చేతి చిరుతిళ్లు, ఈ రోజుల్లో ప్యాకెట్ విషం" అంటూ వాట్సాప్‌లో తిరిగే బొమ్మలను ఇన్నాళ్లూ చూసి ఊరుకున్నాను. పిల్ల ముఖం చూశాక ఊరుకోబుద్ధి కావడం లేదు.

ఆ పళ్లెంలో ఏముండేదో చెబుతాను. పళ్లేలు చాలక ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి తెచ్చేవాళ్లం. అడుగున ఎవరి పేరు వాళ్లు చెక్కించుకున్న స్టీలు పళ్లేలు. అందులో ఒక కేకు ముక్క, గుప్పెడు కారా మిక్చర్, ఒక లడ్డు, రెండు క్రీము బిస్కెట్లు, నూనెలో వేయగానే పొంగే రంగురంగుల గొట్టాలు. ఆ గొట్టాలను వేళ్లకు తొడుక్కొని, ఒక్కో వేలి నుంచీ కొరుక్కు తినని పిల్లలు మా క్వార్టర్సులో లేరు. కొంచెం కలిగిన ఇళ్లలో సమోసా, దాని పక్కన చిన్న గిన్నెలో టమాటా సాస్ పెట్టేవారు. సమోసా అయిపోయాక ఆ గిన్నెను వేలితో తుడిచి నాకేవాళ్లం. ఒకసారి హైదరాబాదులో నాన్నగారి పై అధికారి ఇంటికి వెళితే, క్యాబేజీకి వెండికాగితం చుట్టి, దాని నిండా పుల్లలు గుచ్చి పెట్టారు. పుల్లకు ఒక చీజ్ ముక్క, ఒక అనాస ముక్క. డబ్బాలో వచ్చే అమూల్ చీజ్‌ను అదే మొదటిసారి తినడం. ఉప్పు, పులుపు, తీపి ఒకేసారి నోట్లో పడితే అలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇందులో ఇంట్లో చేసినవి ఎన్ని? లడ్డు కూడా కొట్టు నుంచి వచ్చిందే.

కేకు సంగతికి వద్దాం. దాని మీది గులాబీ రంగు పువ్వు ఎవరి ముక్కకు వస్తుందా అని ప్రాణాలు ఉగ్గబట్టుకొని చూసేవాళ్లం. అది వెన్న కాదు. అప్పట్లో చాలా బేకరీల్లో వనస్పతిని, పంచదార పొడిని కలిపి గిలక్కొట్టి ఆ పువ్వులు చేసేవారు. అందుకే అది నాలుక మీద కరగకుండా అంగిట్లో పూత పూసినట్టు అంటుకునేది. డాల్డా అనే వనస్పతి మన దేశానికి వచ్చింది 1937లో. ఖాళీ అయిన ఆ పసుపుపచ్చ డబ్బాలో తులసి మొక్క పెంచని ఇల్లు మా వరుసలో లేదు. ద్రవంగా ఉండే నూనెను హైడ్రోజన్‌తో గడ్డ కట్టించినప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వులు గుండెకు ఎంత చెరుపో ఆనాడు అమ్మలకు చెప్పినవాళ్లు లేరు. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో వాటిని 2 శాతానికి మించనివ్వకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2022 జనవరిలో. అన్నయ్య మెచ్చుకుంటున్న కాలంలో ఆ నియమం లేదు.

మిక్చర్, లడ్డుల పసుపు రంగు ఎక్కడిది? బట్టలకు అద్దే మెటానిల్ ఎల్లో అనే రంగు, తినడానికి అనుమతి లేకపోయినా, మిఠాయిల్లో తనిఖీలకు దొరుకుతూనే ఉండేది. నిమ్మ, నారింజ పానీయాల్లో రుచినూనె పైకి తేలకుండా వాడే బ్రోమినేటెడ్ వెజిటబుల్ ఆయిల్‌ను మన దేశంలో నిషేధించింది 1990లో. అంతవరకూ అది లోపలికి పోయింది ఎవరికి? మాకే.

కేకు మీది చెర్రీ గురించి మాత్రం ప్రేమగా చెప్పాలి. చెర్రీ చెట్టుకు చలికాలపు గట్టి చలి కావాలి. బెజవాడ బేకరీకి అది ఎక్కడి నుంచి వస్తుంది? మనం తిన్న చెర్రీ చాలావరకు వాక్కాయ. పప్పులో వేసుకునే ఆ పుల్లటి కాయనే గింజ తీసి, పాకంలో ఊరబెట్టి, ఎర్రరంగు పట్టించేవారు. టూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయి ముక్క. ఈ సంగతి తెలిసిన రోజు మోసపోయానని అనిపించలేదు. దొరకని పండు కోసం ఏడుస్తూ కూర్చోకుండా మన పెరటి కాయతో పండగ చేసిన ఆ బేకరీ పనివాళ్ల మీద గౌరవం కలిగింది.

రస్నా కూడా అంతే. అయిదు రూపాయల ప్యాకెట్‌కు 32 గ్లాసులు అని ప్రకటన. అమ్మ నలభై చేసేది. రేషన్ పంచదార మూడు వారాలు దాచి, కుండనీళ్లలో కలిపి, పెద్ద స్టీలు గంగాళంలో ఉంచేది. ఫ్రిజ్ లేదు. కోకాకోలా 1977లో దేశం విడిచి వెళ్లాక ఊరూరా కనిపించిన గోల్డ్ స్పాట్ సీసాలు పెద్దవాళ్లకు, అదీ ఇద్దరికి ఒకటి చొప్పున. పిల్లలకు రస్నా.

నేను ఆ పళ్లేన్ని తిట్టడం లేదు. దాన్ని ఈనాటికీ ప్రేమిస్తాను. కానీ దానికి లేని ఆరోగ్యాన్ని అంటగట్టి పిల్లల నెత్తిన కొట్టడం అన్యాయం. ఒక తేడా నిజంగా ఉంది. ఆ పళ్లెం మాకు ఏడాదికి మూడు నాలుగు సార్లు వచ్చేది. ఇప్పుడు చిప్స్ వీధి చివరి కొట్టులో రోజూ వేలాడుతున్నాయి. ఆ మాట పిల్లలకు చెబితే వాళ్లు అర్థం చేసుకుంటారు. పుట్టినరోజు నాడు పదిమందిలో చెప్పనక్కరలేదు.

"ఇంట్లో చేసినవే" అని గొప్పగా చెప్పేవాళ్లను ఇంకొకటి అడగాలి. ఎవరు చేసేవారు? సోమవారం అమ్మకు ఫోన్ చేసి, అప్పుడు అన్నీ కొని తెచ్చేవారు కదా, ఎందుకని అని అడిగాను. సంక్రాంతికి రెండు రోజుల పాటు కిరోసిన్ స్టవ్ ముందు కూర్చొని అరిసెలు, జంతికలు వండిన మనిషి ఆమె. జంతికల గొట్టం తిప్పీ తిప్పీ అరచేతులు బొబ్బలెక్కేవి. అమ్మ కాసేపు ఆగి అంది: "పుట్టినరోజు నాడు నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని కాదమ్మా. ఆల్బమ్ తీసి చూడు. పండగ ఫోటోల్లో నేను ఉండను. మీ పుట్టినరోజు ఫోటోల్లో ఉంటాను."

ఆల్బమ్ తీశాను. నిజమే. సంక్రాంతి ఫోటోల్లో మేము, ముగ్గు, నాన్నగారు, తాతగారు. అమ్మ ఒక్కదానిలోనూ లేదు. పుట్టినరోజు ఫోటోల్లో మాత్రం చీర కుచ్చిళ్లు నలగకుండా, తలలో కనకాంబరాలతో, పదిమందిలో కూర్చొని ఉంది. నాన్నగారు సైకిల్ హ్యాండిల్‌కు తగిలించి తెచ్చిన ఆ కేకు పెట్టె, కొట్టు కాగితంలో పొట్లం కట్టిన ఆ మిక్చర్ అమ్మకు కొని ఇచ్చింది ఆ ఒక్క సాయంత్రాన్ని.

అన్నయ్య పుట్టినరోజు ఫోటో కూడా దొరికింది. అతని కుడిచేతి అయిదు వేళ్లకూ గొట్టాలున్నాయి. వెనకాల కుర్చీలో మా పెద్దమ్మ, చేతిలో రస్నా గ్లాసు, నోరారా నవ్వుతోంది. పెద్దమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఆమె అలా కాలు మీద కాలు వేసుకొని కూర్చున్న ఫోటో మా దగ్గర ఇంకొకటి లేదు.

దాన్ని నిన్న రాత్రి అన్నయ్యకు పంపాను. ఈసారి వచ్చినప్పుడు దాన్ని మా అమ్మాయికి తనే చూపించమని అడిగాను.