మాల వేసుకుంటే మానేస్తాడు, తీస్తే మొదలెడతాడు.. లోపం మనిషిలోనేనా?

కార్తీకం వచ్చిందంటే మా మావయ్య వేరే మనిషి. మిగతా రోజుల్లో కాఫీ కంటే ముందు సిగరెట్, రోజుకో ప్యాకెట్, శనివారం రాత్రి ఫ్రెండ్స్‌తో ఓ క్వార్టర్, లేవడం ఎనిమిదింటికి. మాల వేసుకున్నాడంటే తెల్లారుజామున నాలుగున్నరకే లేచి చన్నీళ్లు పోసుకుని నల్లబట్టలు కట్టుకుని చెప్పుల్లేకుండా గుడికి నడిచి వెళ్లిపోతాడు, రాత్రి చాప మీద పడుకుంటాడు, ఇంట్లో ఎవరి మీదా గొంతు లేవదు. 41 రోజులు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన సాయంత్రం మాత్రం సందు చివర బడ్డీకొట్టు దగ్గర పొగ వదులుతూ కనిపిస్తాడు. పదకొండేళ్లుగా ఇదే వరస.

దీని మీద జోకులేసుకోని ఇల్లు ఉండదేమో మన దగ్గర. "ఆయనకి విల్ పవర్ లేదు" అని మా కజిన్స్ తేల్చేస్తారు. నాకు మాత్రం ఇది అర్థం కాదు, 41 రోజులు ఒక్క దమ్ము కూడా లాగకుండా ఉన్నవాడికి విల్ పవర్ లేదనడం ఏం లెక్క? ఉన్నదే, లేకపోతే ఆ 41 రోజులు ఎలా గడిచాయి? దీక్ష భక్తి కోసం, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోసం కాదు, ఆ మాట ముందే ఒప్పుకుంటున్నా. కానీ తనని తాను మార్చుకోవడం ఎక్కడ మొదలెట్టాలి అని అడిగేవాళ్లకి యూట్యూబ్‌లో మోటివేషన్ వీడియోలు చూపించే బదులు నేను మా మావయ్యని చూపిస్తా. సగం ఏం చెయ్యాలో తెలుస్తుంది, మిగతా సగం ఏం చెయ్యకూడదో.

మాల వేసుకోగానే మారేది మనసు కాదు, చుట్టూ ఉన్న లోకం. నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాడు ఇవాళ "స్వామీ" అంటాడు. ఫ్రెండ్స్ తాగుడికి పిలవరు, పిలిస్తే వాళ్లకే పాపం అని భయం. నల్లబట్టల్లో బ్రాందీ షాపు ముందు నిలబడాలంటే ఎంత మొండివాడికైనా సిగ్గే. రూల్స్‌లో కూడా డొంకతిరుగుడు లేదు, "కాస్త తగ్గించుకుందాం" అనే మాటే లేదు, ముట్టకూడదంటే ముట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మామూలుగా తాగుడికి పోయే సాయంత్రం ఖాళీగా ఉండదు, ఎవరింట్లోనో భజన, పడిపూజ. తెలియందేదైనా ఉంటే అడగడానికి గురుస్వామి ఉంటాడు. విజయవాడ భవానీ దీక్షైనా, కొండగట్టు హనుమాన్ దీక్షైనా, రంజాన్ ఉపవాసాలైనా ఇదే ఏర్పాటు, ఒక్కడి మీద వదిలెయ్యరు.

ఇప్పుడు జనవరి 1న మనం చేసేది చూడండి. జిమ్‌కి ఏడాది ఫీజు ఒకేసారి కట్టేస్తాం, పొద్దున్న ఐదింటికి అలారం, షుగర్ బంద్, రోజుకి ఇరవై పేజీలు, స్పోకెన్ ఇంగ్లిష్, అన్నీ ఒకే రోజు. ఇంట్లో మాత్రం ఏమీ మారదు, ఫోన్ దిండు పక్కనే, స్వీట్ల డబ్బా ఫ్రిజ్‌లోనే, రాత్రి పన్నెండుకి నిద్ర. దీక్షలో పది మార్పులు ఒకేసారి నడుస్తాయి అంటే ఇల్లూ వీధీ కలిసి మోస్తాయి కాబట్టి. ఒంటరిగా ఒకటి మోస్తే గొప్ప. ఆరంభశూరత్వం అని మనల్ని మనం తిట్టుకుంటాం గానీ మోత లెక్క ఎప్పుడూ చూసుకోం.

సరే, మరి 42వ రోజు సంగతి? ఇక్కడే 21 రోజుల కథ ఒకటి చెప్పుకోవాలి. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది అని ప్రతి ట్రైనరూ చెబుతుంటాడు, మనకి అర్ధమండల దీక్ష కూడా 21 రోజులే కాబట్టి వినగానే నమ్మేస్తాం. ఆ అంకె ఎక్కువగా తిరిగింది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి పేషెంట్లకి కనీసం ఓ 21 రోజులు పడుతోంది అన్నాడాయన. నోళ్లు మారేసరికి "కనీసం" ఎగిరిపోయింది, ముఖం పోయి అలవాటు వచ్చింది. లండన్ యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం నిజంగానే కూర్చుని లెక్కేసింది, 96 మందిని 12 వారాలు చూసి. సగటున 66 రోజులు అని తేలింది, కానీ 18 నుంచి 254 దాకా మనిషిని బట్టి, పనిని బట్టి పోయింది (12 వారాలు దాటినవి లెక్కగట్టిన అంచనాలు). గ్లాసుడు నీళ్లు తాగడం తొందరగా ఒంటబట్టింది, వ్యాయామం బాగా లేటు.

ఈ లెక్కన మా మావయ్య సగం దారిలో దిగిపోతున్నాడు, అంతే. పైగా దిగేటప్పుడు అన్నీ ఒకేసారి వదిలేస్తాడు, మాల, బట్టలు, నాలుగున్నర స్నానం, భజన, "స్వామీ" అనే పిలుపు, అన్నీ. చుట్టూ ఉన్న లోకం పాత లోకమైపోయాక మనిషొక్కడే కొత్తగా ఎలా ఉంటాడు? తీసేసేవాటిలో ఒక్కటైనా ఉంచుకోవాలి, కనీసం ఆ పొద్దుటి స్నానం, గుడికి నడక.

లాలీ స్టడీలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి, ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదరడం మీద పెద్ద దెబ్బేం పడలేదు. మనకేమో దీక్షా భంగం అనే లెక్క రక్తంలో ఉంది. ఒక్క పూట వాకింగ్ మానేస్తే ఇక ఆ నెల పోయినట్టే, "వచ్చే ఒకటో తారీకు నుంచి ఫ్రెష్‌గా మొదలెడతా" అంటాం. దేవుడి విషయంలో ఆ నియమం సరే, వాకింగ్‌కి ఎందుకు?

ఇంతకీ మా మావయ్య దీక్ష గురించి ఇన్నేళ్లలో ఎవరూ అనని మాట ఒకటుంది. ఆయన నాలుగున్నరకి లేస్తే అత్తయ్య నాలుగింటికి లేస్తుంది. ఉల్లి వెల్లుల్లి లేకుండా విడిగా వంట, పూజ గిన్నెలు, సాయంత్రం వచ్చే స్వాములకి ఫలహారం. "మాతా" అని పిలుస్తాడు గానీ అరగంట నిద్ర ఎక్కువ ఇవ్వడు పాపం. ఆవిడకి షుగర్, డాక్టర్ రోజూ నడవమని చెప్పి రెండేళ్లు దాటింది, నాలుగుసార్లు మొదలెట్టి నాలుగుసార్లూ ఆపేసింది, ఆపినప్పుడల్లా అందరం బద్ధకం అన్నాం. పొద్దున్న ఆరుకి ఆవిడ వీధిలో ఉంటే టిఫిన్ ఎవరు చేస్తారో, బాక్సులు ఎవరు సర్దుతారో ఎవరం అడగలేదు, ఇప్పుడీ వ్యాసం రాస్తున్న నాతో సహా.

పోయిన సంక్రాంతి తర్వాత ఐదోసారి మొదలెట్టింది. ఈసారి వాళ్లమ్మాయి ఊరుకోలేదు, నాన్నని కూర్చోబెట్టి కుక్కర్‌లో అన్నం పెట్టడం ఆయన పని అని తేల్చేసింది. మావయ్య సిగరెట్ ఇంకా మానలేదు, కుక్కర్ మాత్రం పెడుతున్నాడు. మూడు విజిల్స్‌కి ఆపమంటే ఐదు రానిస్తాడు, అన్నం గంజి గంజిగా ఉంటోంది. అత్తయ్య ఏడింటికి చెమటలు కారుతూ వచ్చి అదే బాక్సులో సర్దేస్తోంది, ఏమీ అనకుండా.