"ప్లాస్టికేగా" అన్నారు

పొద్దున ఏడున్నరకి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జరిగింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. అందుకని ఈ పోస్టులో తప్పులుంటే క్షమించండి, లేకపోయినా క్షమించండి.

నాలుగు నెలలు కష్టపడి చేసుకున్న ముందు బంపర్ లిప్‌ని (బంపర్ కింది అంచుకి తగిలించే పట్టీ) నిన్న రాత్రే నా 1998 మారుతి జెన్ కారుకి బిగించాను. పొద్దున దాని ముందు స్టూలేసుకుని కాఫీ తాగుతున్నా. మూడో అంతస్తు అంకుల్ వాకింగ్ నుంచి వచ్చి, వంగి, వేలి కణుపుతో టకటకా కొట్టి చూశారు. పుచ్చకాయ బేరం చేసేవాళ్లు కొట్టినట్టు.

"ఆన్‌లైన్‌లో తెప్పించావా బాబూ? ఓ ఎనిమిది వందలుంటుందా?"

"లేదంకుల్, నేనే చేశాను. ఫైబర్‌గ్లాస్."

"ఓ, ప్లాస్టికేగా" అని లిఫ్ట్ ఎక్కేశారు.

ప్లాస్టికేగా!

అంకుల్, మీ కొత్త కారుకున్న బంపరే అసలు సిసలు ప్లాస్టిక్. కరిగించి మిషన్‌లోకి కొడితే అచ్చులోంచి ఊడిపడుతుంది. ఆ అచ్చు చేయించాలంటే లక్షలు. నాలాంటివాడికి ఒకే ఒక్క పీస్ కావాలంటే గాజు పీచూ, దాన్ని పట్టి ఉంచి రాయిలా గట్టిపడే రెజిన్ అనే జిగురూ తప్ప దిక్కులేదు. 1953లో అమెరికాలో షెవర్లే కార్వెట్ వచ్చినప్పుడు ఆ ఏడాది చేసిన 300 కార్లకీ బాడీ ఫైబర్‌గ్లాసే. 80ల్లో మన బెంగళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్ కూడా అంతే. వాటినీ జనం ఇలాగే కణుపుతో కొట్టి చూసి ఉంటారు. (నిజానికి ఫైబర్‌గ్లాస్‌కి ఇంకో పేరు ఎఫ్‌ఆర్‌పీ, ఫైబర్ రీఇన్‌ఫోర్స్‌డ్ ప్లాస్టిక్. అందులో చివరి 'పీ' అంటే ప్లాస్టికే. ఆ సంగతి అంకుల్‌కి ఎవరూ చెప్పకండి, నా మీద ఒట్టు.)

అసలు ఈ పని ఎంత తేలికో మనకి రీల్స్ చెబుతాయి కదా. నలభై సెకన్లు. థర్మోకోల్ చెక్కుతాడు, ఏదో పూస్తాడు, పాట మారుతుంది, కారు మెరుస్తుంది. మొహానికి మాస్కు లేదు, చేతికి గ్లోవ్స్ లేవు. నేనూ అది చూసే మొదలుపెట్టాను. రెండు ఆదివారాలు కూర్చుని థర్మోకోల్‌ని పేపర్ కట్టర్‌తో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, ఆ తెల్లటి పూసలు ఇల్లంతా ఎగిరి ఇంట్లో మాటలు పడి, చివరికి రెజిన్ పూశాను. బ్రష్ ఆనిన చోటల్లా చిన్నగా సుయ్ మని శబ్దం. చూస్తుండగానే గుంట పడింది. గుంట బిలమైంది. నేను వాడిన పాలిస్టర్ రెజిన్‌లో స్టైరీన్ అనే రసాయనం ఉంటుంది, అది థర్మోకోల్‌ని తినేస్తుంది. పది నిమిషాల్లో నా రెండు ఆదివారాలూ జిగురు ముద్దై ట్రేలో కూర్చున్నాయి. ఆ రీల్ కింద ఇది అడిగితే ఆ మహానుభావుడు ఒక నిప్పు బొమ్మ పెట్టాడు. జవాబు అదే.

సరే, నేర్పేవాళ్ల దగ్గరే నేర్చుకుందామని విజయవాడ ఆటోనగర్‌లో తిరగని షెడ్డు లేదు. "ఫైబర్ మనది కాదన్నా, రేకైతే తీసుకురా" అన్నారు డెంటింగ్ వాళ్లు. చివరికి తెనాలిలో విగ్రహాలు చేసే ఒక మేస్త్రి దగ్గర తేలాను. మన వైపు ఈ పని చెయ్యి తిరిగినవాళ్లు కార్ల దగ్గర లేరు, విగ్రహాల దగ్గర ఉన్నారు. సెంటర్లలో కంచులా మెరిసే నాయకుల్లో చాలామంది లోపల డొల్ల. నేను విగ్రహాల గురించే అంటున్నాను.

మేస్త్రి చెయ్యి బంగారం. అచ్చులో ముందు పూసే పైపొర జెల్‌కోట్‌ని వేలితో తాకి, జిగటగా తగిలి వేలికి మాత్రం రాకపోతే అప్పుడు గాజు పీచు మ్యాట్ పరుస్తాడు. రోలర్‌తో ఒత్తుతుంటే గాలి బుడగలు పక్కకి పరిగెత్తి చచ్చేవి. అంతా బాగానే ఉంది, కానీ నోరు విప్పడు. "హార్డెనర్ ఎంత మేస్త్రి గారూ?" అంటే "చూసి పొయ్యాలి బాబూ" అంటాడు. ఏం చూసి? నేను చూడకుండా వీపు అడ్డం పెట్టి పోస్తాడు! ఏదో రాచరహస్యం అన్నట్టు. కిలో రెజిన్‌కి పది నుంచి ఇరవై గ్రాములు, అంతే. ఎండలు ముదిరితే పదికి దించాలి, చలికాలం పెంచాలి. ఈ ఒక్క ముక్క తెలియక మే నెలలో నా మగ్గులో మిగిలిన రెజిన్ గడ్డకట్టి, వేడెక్కి, పొగలు కక్కి, మగ్గే వంగిపోయింది. వాచ్‌మన్ బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు.

అది పోనివ్వండి. కోబాల్ట్ సంగతి వినండి. రెజిన్ గట్టిపడటానికి రెండు మందులు: ఆ పని వేగం చేసే కోబాల్ట్ ఒకటి, హార్డెనర్ ఒకటి. ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో బాగా కలిపేసి, ఆ తర్వాతే హార్డెనర్ పొయ్యాలి. రెండూ నేరుగా కలిశాయా, భగ్గుమంటాయి, పేలనూ వచ్చు. ఇది మొదటిరోజు గుమ్మంలోనే చెప్పాల్సిన మాట. నేను మూడో ఆదివారం రెంటినీ ఒకే కొలత గ్లాసులో పోయబోతుంటే చెయ్యి పట్టుకు లాగి అప్పుడు చెప్పాడు. అంటే నేను చెయ్యి చాపేదాకా ఆ విద్య దాచుకోవాలన్నమాట!

మధ్యలో మా బావ ఫోన్. "ఆర్టీవో పట్టుకుంటే మార్పుకి ఐదు వేలు ఫైన్, జైలు కూడా రాసుంది చట్టంలో" అని. నిజమే, ఉంది. చెప్పేదెవరు? తన ఎస్‌యూవీ ముందు గేదెల్ని కుమ్మడానికన్నట్టు ఇనుప గార్డు తగిలించుకున్నాయన. అవి తీసేయమని కేంద్రం 2017లోనే చెప్పింది బావా. పండక్కి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

దురద గురించి రాయను. గాజు పొడి చొక్కాలోకి దూరినవాడికి తెలుసు, దూరనివాడికి చెప్పినా తెలియదు. వేడినీళ్ల స్నానం మాత్రం చెయ్యకండి. నా పని లుంగీని వాషింగ్ మెషీన్‌లో వేసిన రోజు మా ఇంట్లో ఏం జరిగిందో కూడా రాయను.

అయినా అంకుల్నీ మేస్త్రినీ అని ఏం లాభం. నేను మెకానికల్ ఇంజనీరింగ్ నాలుగేళ్లు వెలగబెట్టినవాణ్ని. కాంపోజిట్స్ (ఇలా పీచూ రెజినూ కలిపి చేసే పదార్థాలు) నా ఎలక్టివ్! వాటి బలం లెక్కగట్టే రూల్ ఆఫ్ మిక్చర్స్ సూత్రం నిద్రలో లేపినా రాస్తాను. రెజిన్ ఏ రంగులో ఉంటుందో తెలియకుండానే ఆ పేపర్లో డిస్టింక్షన్ వచ్చింది. ల్యాబ్‌లో హ్యాండ్ లే-అప్ (మేస్త్రిలా చేత్తో పొరలు పరిచే పద్ధతి) ప్రయోగం ఉండేది. ఆ రోజు సార్ వచ్చి, "రెజిన్ డేటు అయిపోయింది, రీడింగ్స్ బోర్డు మీద రాశా, దించుకోండి" అన్నారు. గ్రాఫు సీనియర్ రికార్డులోంచి దించాం. అతను తన సీనియర్ రికార్డులోంచి దించాడు. ఆ రెజిన్ ఎప్పుడు కొన్నారో, అసలు కొన్నారో లేదో దేవుడికెరుక. ఆ రికార్డుకి నాకు ఇరవైకి పంతొమ్మిది. ఒక మార్కు ఎందుకు పోయిందో తెలుసా? బ్రౌన్ అట్ట సరిగ్గా వెయ్యలేదట! లేని రెజిన్‌తో చెయ్యని ముక్కని తెంపని మిషన్ మీద తెంపినట్టు రాస్తే పంతొమ్మిది, అట్ట మడత వంకరైతే ఒకటి కట్.

లిప్ అచ్చులోంచి ఊడిన రాత్రి నాకు గుర్తొచ్చింది ఆ సారే. సందుల్లో చెక్క చీలికలు దిగ్గొట్టి, నీళ్లు పోసి, రబ్బరు సుత్తితో తడుతుంటే ఎక్కడో లోపల టప్ మంది. మూడు పొరలు, మూడు మిల్లీమీటర్లు, ఒక్క బుడగ లేదు. రాత్రి పదకొండున్నర, సెల్లార్‌లో నేనూ వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. "భలే ఉంది సార్" అన్నాడు. ఎంతైందని అడగలేదు.

ఇక వెనక చక్రాల ఫ్లేర్లు (చక్రం పైన బయటికి పొడుచుకొచ్చే వంపు అంచులు) మొదలుపెట్టాను. మ్యాట్ కత్తిరించడానికి కాగితం నమూనాలు కావాలి కదా. అటక మీదున్న ఆ రికార్డు దింపి గ్రాఫ్ షీట్లు చింపాను. మంచి మందం కాగితం, వంపుకి చక్కగా తిరుగుతోంది. పంతొమ్మిది మార్కుల సంతకం ఉన్న షీటు కుడి చక్రానికి సరిగ్గా సరిపోయింది.