గువ్వలచెరువు ఘాట్, వేడెక్కే లారీ: రేడియేటర్ మార్చాలా, ఉన్నదాన్ని బాగు చేయాలా?

కడప నుంచి రాయచోటి వెళ్లే రోడ్డు పక్కన ఒక మెకానిక్ షెడ్డు. ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తుకొని మదనపల్లెకు పోయే పది చక్రాల లారీ ముక్కు విప్పుకొని నిలబడి ఉంది. గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీతను తాకుతోంది. వాదిస్తున్నది లారీ యజమాని, వరసకు అతని మామ అయ్యే మేస్త్రి. రోజూ ఆ ఘాట్ ఎక్కే డ్రైవరును మాత్రం ఇద్దరూ అడగలేదు.

అల్లుడు: నాలుగు వరుసల గొట్టాలున్న రాగి రేడియేటర్ వేయించు మామా. ఖర్చు నేను చూసుకుంటాను. మే నెల ఎండలో బండి ఆపి క్లీనరును నీళ్లకు పంపడం ఇక నావల్ల కాదు.

మేస్త్రి: ఇప్పుడున్నది మూడు వరుసలది. అది చాలడం లేదని ఎలా తేల్చావు?

అల్లుడు: ముల్లు చూస్తే తెలియడం లేదా?

మేస్త్రి: వేడెక్కిందని తెలుస్తుంది. ఆ వేడి ఎక్కడ చిక్కుకుందో తెలియదు. (రేడియేటర్ మూత చేతికిస్తాడు.) ఇది చూడు. రబ్బరు గట్టిపడి చీలింది, అంచు చుట్టూ తెల్లటి పొక్కు కట్టింది. మంచి మూత ఒక బార్ ఒత్తిడి నిలబెడితే లోపలి నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. ఒత్తిడి జారిపోతే వంద దగ్గరే మరుగుతాయి. ఆవిరి పట్టినచోట ఇనుములోని వేడిని తీసుకునేందుకు నీళ్లే ఉండవు. కొన్ని వందలకు వచ్చే వస్తువు ఇది. నువ్వేమో వేలు తీసి పట్టుకున్నావు.

అల్లుడు: మూత మారుద్దాం. దాంతోపాటు థర్మోస్టాట్ కూడా పీకేయి. నీళ్లకు అడ్డు తొలగిపోతే ఇంజిన్ చల్లగా ఉంటుందని లారీలవాళ్లందరూ అంటున్నారు.

మేస్త్రి: అందరూ అంటారు, నిజమే. నీ ఇంజిన్‌లో నీళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి రేడియేటర్‌కు, ఇంకొకటి రేడియేటర్‌ను తాకకుండా తిరిగి ఇంజిన్‌లోకి. సుమారు 80 డిగ్రీలు దాటగానే థర్మోస్టాట్ మొదటి దారి తెరుస్తూ రెండోదాన్ని మూస్తుంది. దాన్ని పీకేస్తే రెండో దారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. ఘాట్‌లో చల్లబడాల్సిన నీళ్లలో కొంత భాగం అసలు చల్లబడకుండానే వెనక్కి వస్తుంది. ఇక తెల్లవారుజామున చల్లటి ఇంజిన్‌తో బయలుదేరినప్పుడు డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది.

అల్లుడు: పోనీ, ఉంచు. కూలెంట్ సంగతేమిటి? ఉత్త నీళ్లే వేడిని ఎక్కువ మోస్తాయని ఒకసారి నువ్వే అన్నావు. మరి ఆ రంగునీళ్లకు డబ్బెందుకు?

మేస్త్రి: అన్నాను, అందులో తప్పు లేదు. సగం సగం కలిపిన కూలెంట్ కన్నా నీళ్లే వేడిని బాగా మోస్తాయి. కానీ నువ్వు పోసేది ఏ నీళ్లు? ఎర్రగుంట్ల చుట్టూ సున్నపురాయి నేల, అందుకే అక్కడ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ నేలలోని బోరు నీళ్లు పోస్తున్నావు. పైన సిమెంటుగా ఏ సున్నాన్ని మోస్తున్నావో, అదే ఇంజిన్ లోపల పొరలుగా పేరుకుంటోంది. ఇంకో సంగతి విను. సిలిండర్‌లో డీజిల్ మండిన ప్రతిసారీ లైనరు, అంటే సిలిండర్‌కు గోడగా ఉండే ఇనుప గొట్టం, అదురుతుంది. ఆ అదురుకు దాని బయటి గోడ మీద బుడగలు పుట్టి పగులుతాయి. పగిలిన ప్రతి బుడగా ఇనుమును గిల్లుతుంది. చివరకు సూది బెజ్జం పడి నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీస్తే పాలు పోసిన టీ రంగు కనిపిస్తుంది. డీజిల్ ఇంజిన్ల కూలెంట్‌లో వేసే మందు లైనరు మీద పల్చటి పొర కట్టి దీన్ని ఆపుతుంది. ఉత్త నీళ్లలో ఆ కాపలా ఉండదు.

(ఇక్కడ అల్లుడు కాసేపు మాట్లాడలేదు. తరువాత అతను అన్న మాటే, నా లెక్కలో, ఈ వాదనలో మేస్త్రికి ఎదురైన గట్టి మాట.)

అల్లుడు: నువ్వు చెప్పేవన్నీ బండి నీ షెడ్డులోనే ఉంటే జరుగుతాయి మామా. అది రోడ్డు మీద ఉంటుంది. డ్రైవరుకు ట్రిప్పు లెక్కన డబ్బు. గంట ఆపి రేడియేటర్ జాలి కడిగితే అతనికి వచ్చేదేమీ లేదు. దారిలో డిస్టిల్డ్ వాటర్ వెతుక్కుంటాడా? పెద్ద రేడియేటర్ అయితే కొంత అశ్రద్ధను కూడా తట్టుకుంటుంది. నేను కొంటున్నది ఆ వెసులుబాటు.

మేస్త్రి: కాదనను. కానీ ఆ వెసులుబాటు ఎన్నాళ్లు? ఇటు రా. ముందున్నది ఇంజిన్‌లోకి పోయే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, దాని వెనక రేడియేటర్. రెంటి మధ్య సందులోకి టార్చి వేసి చూడు. సిమెంటు దుమ్ము, ఆయిల్ జిడ్డు కలిసి గోడ కట్టాయి. బయటి నుంచి చూస్తే జాలి శుభ్రంగానే ఉంటుంది. గాలే రానప్పుడు నాలుగో వరుస ఎందుకు? పైగా జాలి మందం పెరిగేకొద్దీ ఫ్యాన్ ఇంకా గట్టిగా లాగాలి. ఘాట్‌లో రెండో గేరులో పాకే బండికి ఎదురుగాలి ఉండదు, మొత్తం ఫ్యాన్ మీదే భారం. (ఇంజిన్ వేడిగా ఆగి ఉండగానే ఫ్యాన్‌ను చేత్తో తిప్పుతాడు. అడ్డు లేకుండా గిర్రున తిరుగుతుంది.) ఇది ఇలా తిరగకూడదు. వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ను ఇంజిన్‌తో బిగించి పట్టే ఫ్యాన్ క్లచ్‌లోని సిలికాన్ ఆయిల్ పోయింది.

అల్లుడు: అయితే క్లచ్ తీసేసి ఫ్యాన్‌ను గట్టిగా బిగించేయి. పాడవడానికే ఏమీ ఉండదు.

మేస్త్రి: బిగిస్తాను. చల్లటి రాత్రిలో, చదును రోడ్డులో కూడా అది ఇంజిన్ బలం తింటూనే ఉంటుంది. ఆ డీజిల్ ఖర్చు నీ పుస్తకంలో ఏ పద్దు కింద రాస్తావు?

అల్లుడు: సరే, నీ దారికే వద్దాం. ఇంటర్‌కూలర్ విప్పి కడుగు, క్లచ్, మూత కొత్తవి వేయి, లోపల సున్నం కడిగి కూలెంట్ పోయి. ఆ తరువాత కూడా ఘాట్‌లో ముల్లు ఎక్కితే?

మేస్త్రి: ముందు గాలి బుడగలు చూస్తాను. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేస్తే, నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్లకు, వాటి పైమూతకు మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయినట్టు. అదీ కాకపోతే నాలుగు వరుసలది నేనే తెప్పించి బిగిస్తాను. కానీ ఒక షరతు. బరువు పాసింగ్‌కు, అంటే బండికి అనుమతి ఉన్న బరువుకు, మించకూడదు.

అల్లుడు: ఆ సంగతి లోడు ఇచ్చేవాళ్లతో నువ్వే మాట్లాడు మామా.

మేస్త్రి: మాట్లాడతాను. ముందు నీ డ్రైవరును పిలువు. ఘాట్ ఎక్కేటప్పుడు గేరు ఎక్కడ మారుస్తున్నాడో అడగాలి. డీజిల్ మిగులుతుందని పై గేరులో ఈడ్చుకొస్తుంటే పంపు, ఫ్యాన్ రెండూ నెమ్మదిస్తాయి. అలా ఈడ్వమని అతనికి చెప్పింది నువ్వేనా?