నేల మీద కాపురం పెట్టిన నల్లమచ్చ గారికి

మహారాజశ్రీ ఇంజిన్ ఆయిల్ మచ్చ గారికి,
కారు నిలిపే చోటు, కాంక్రీటు నేల.

ఉభయకుశలోపరి. ఇక్కడంతా క్షేమమే అని రాయాలని ఉంది. కానీ మూడుసార్లు పొడి చల్లి, రుద్ది, కడిగి, ఆరబెట్టిన చోటే ఈ ఉదయం తమరు మళ్ళీ దర్శనమిచ్చారు. అదే ఆకారం, అదే నిగారింపు. అందుకే ఈ ఉత్తరం.

తమరి రాకకు దారి చూపింది మేమేనని ఒప్పుకుంటాం. పాత ఆయిల్ మార్చేందుకు, సంపుకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పక్కగా ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పగానే తమరు బుద్ధిగా నిట్టనిలువునా దిగుతారని, ట్రేని సరిగ్గా బోల్టు కిందే పెట్టాం. సంపు నిండుగా ఉన్నప్పుడు మొదటి ధార జానెడు దూరం దూకుతుంది. లోపల మట్టం తగ్గేకొద్దీ వెనక్కి జరుగుతూ వచ్చి, ఆఖరికి బోల్టు కన్నం కిందే చుక్కలవుతుంది. ట్రే కూడా దానితో పాటే జరగాలి. ఇక చేతిలోంచి జారిన బోల్టు, పైన మూసి ఉండే ట్రేకి ఆయిల్ దిగే కన్నం మీద బిరడాలా కూర్చోవడం, ట్రేకి గాలి పోయే చిన్న మూత తీయడం మరిచిపోవడం, తమరు లోపలికి దిగలేక పైనే నిండి అంచు దాటడం అందరికీ తెలిసిన భాగోతమే. నాలుగున్నర లీటర్ల ఆయిల్‌కి నాలుగు లీటర్ల ట్రే పట్టే మేధావుల గురించి ఇక్కడ ప్రస్తావించను.

ఫిల్టర్ దగ్గర తమరి ప్రవర్తన మాత్రం మర్యాదస్థులది కాదు. అర చుట్టు వదులు చేయగానే ఫిల్టర్ ఒళ్ళంతా కారి, క్రాస్ మెంబర్ (కారు కింద అడ్డంగా ఉండే దూలం) మీదుగా ఇంజిన్ కింది అండర్ కవర్‌లోకి జారి, అక్కడ గుంటకట్టి దాక్కుంటారు. రెండు రోజులయ్యాక చుక్క చుక్కగా బయటపడి, కొత్త ఫిల్టర్ లీకవుతోందని భయపెడతారు. అల్యూమినియం ఫాయిల్‌ని దొప్పలా మడిచి ఫిల్టర్ కింద ఇరికిస్తే తమరి ఆట కట్టు. పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉంటే చూసుకోకుండా దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించేవాళ్ళ సంగతి వేరు. స్టార్ట్ చేసిన కొన్ని క్షణాల్లోనే పంపు ఒత్తిడికి కొత్త ఆయిల్ నేలపాలు.

పోసేటప్పుడూ అంతే. డబ్బా మూతిని కిందివైపుకు పెట్టి వంచితే గాలి లోపలికి పోయే దారి లేక గుడగుడమని ఎగిరి ఎగ్జాస్ట్ మీద పడతారు. ఇంజిన్ వేడెక్కగానే పొగ, కంపు. మూతి పైవైపు ఉండేలా డబ్బాని అడ్డంగా పట్టుకుంటే సన్నగా, సాఫీగా దిగుతారు. సరే, ఇవన్నీ చిల్లర నేరాలు. క్షమించాం.

క్షమించలేనిది నేలతో మీరు పెట్టుకున్న చుట్టరికం.

కాంక్రీటు చూడ్డానికి బండరాయిలా ఉంటుంది గానీ లోపలంతా కంటికి కనపడని కన్నాలే. వేడి ఇంజిన్ నుంచి పల్చగా దిగిన మీకు అది తెరిచిన తలుపు. పైన పడ్డదాన్ని మేం తుడుస్తుండగానే కింద మీ గృహప్రవేశం అయిపోతుంది. పైపెచ్చు కంగారులో మేం చేసే మొదటి పని బకెట్టెడు నీళ్ళు కుమ్మరించడం. మీరు నీళ్ళకంటే తేలిక, వాటిలో కలవరు, వాటి మీదెక్కి ఊరేగుతారు. చెంచాడు ఆయిల్, అంటే 5 మిల్లీలీటర్లు, ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యోవంతు) మందాన పరుచుకుంటే 5 చదరపు మీటర్లు. చెంచాడు చాలు, గది నిండా ఇంద్రధనుస్సు!

నీళ్ళు తాకకముందే పొడి పడాలి. రంపపు పొట్టు, పొడి ఇసుక, పిల్లుల మలవిసర్జనకు వాడే బంకమట్టి గుళికలు (తడికి ఉండకట్టని రకం), ఏదైనా పనికొస్తుంది. ముందు మచ్చ చుట్టూ కట్టలా పోసి, తర్వాత బయటినుంచి లోపలికి అర అంగుళం మందాన పరిచి, చెప్పుకాలితో గట్టిగా నూరి, కొన్ని గంటలు వదిలేయాలి. నల్లబడ్డాక ఊడ్చి, మళ్ళీ కొత్తది. పొడి పొడిగానే మిగిలేదాకా ఇదే వరస. అప్పుడు సబ్బు పొడి, కాసిన్ని వేడినీళ్ళు, నైలాన్ బ్రష్షు. ముద్దలా చేసి ఇరవై నిమిషాలు నాననిచ్చి రుద్దాలి. ఇనుప తీగల బ్రష్షు వాడితే తెగిన ముక్కలు తుప్పుపట్టి, నల్లమచ్చ పక్కన ఎర్రమచ్చ తోడొస్తుంది. ఆ మురికినీళ్ళని కాలువలోకి తోయకూడదు. వాటికీ పొడే గతి.

ఇదంతా చేశాం. నేల ఆరింది. తెల్లగా మెరిసింది. తెల్లారింది. మీరొచ్చారు.

ఎందుకొచ్చారో తెలుసు. పైపొర శుభ్రమై ఎండగానే అడుగున దాక్కున్నది అవే కన్నాల్లోంచి పైకి పాకుతుంది. ఏ దారిన దిగారో ఆ దారినే ఎక్కడం. రుద్దేకొద్దీ పోయేది పైనున్నదే. ఈ సంగతి తెలియక పెట్రోలు పోసేవాళ్ళున్నారు: అది మిమ్మల్ని పల్చన చేసి ఇంకా లోతుకు దింపుతుంది, పైగా అగ్గిపుల్ల దూరంలో ప్రమాదం. తారు నేలైతే తారునే కరిగిస్తుంది. యాసిడ్ పోసేవాళ్ళున్నారు: అది మిమ్మల్ని ముట్టుకోకుండా సిమెంటుని తింటుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇక గౌరవాలు ఇక్కడితో సరి. ఏం మొహం పెట్టుకుని వచ్చావు? నీలో డిటర్జెంటు కలుపుతారు కదా! ఇంజిన్‌ని కడగడానికి, మసిని విడదీసి తేల్చి ఉంచడానికి డబ్బాలో పోసేటప్పుడే నీకు ఆ విద్య నేర్పి పంపుతారు. వేల కిలోమీటర్లు పిస్టన్ల మసి కడిగినవాడివి, అడుగు నేల వదిలి పోలేవా? సబ్బుకి లొంగవు, వేడినీళ్ళకి లొంగవు, బూతులకీ లొంగవు!

నీ నలుపు మీద మాత్రం కోపం లేదు. అది ఇంజిన్‌కి అంటాల్సిన మసి. నువ్వు నెత్తిన పెట్టుకు తిరిగావు. నల్లబడకుండా తేనెరంగులోనే దిగి ఉంటే అప్పుడు అనుమానించేవాళ్ళం. పనిచేసినవాడివే, కాదనం. దిగాల్సిన చోట దిగలేదు, అంతే.

ఈ రాత్రికి నీకు పూత ఏర్పాటు చేశాం. మెత్తని బంకమట్టి పొడిని అసిటోన్‌తో (గోళ్ళరంగు తీసే ద్రావకం) దోసెపిండి కంటే గట్టిగా కలిపి, మచ్చ దాటి రెండంగుళాల వరకూ, చిటికెన వేలి మందాన పట్టిస్తాం. తలుపులన్నీ బార్లా తీసి, దరిదాపుల్లో నిప్పు లేకుండా చూసుకుని. ప్లాస్టిక్ షీటు కప్పి అంచులు టేపుతో అంటించి ఒక రోజు ఉంచుతాం. తర్వాత షీటు తీస్తే పూత ఆరుతూ నిన్ను పైకి లాగుతుంది. నీ దారినే నీకు ఎదురు తిప్పడమన్నమాట. ఒక్కసారికి పోవని తెలుసు. రెండోది, మూడోది కూడా కలుపుతాం. వచ్చేసారి కింద ప్లాస్టిక్ షీటు, దాని మీద అట్ట పరిచాకే బోల్టుకి స్పానర్ తగులుతుంది. ఒట్టి అట్టలోంచి నువ్వు ఎలా దిగుతావో చూశాం.

ఇట్లు,
మోకాళ్ళ మీద, బ్రష్షు చేతబట్టి,
నీ ఇంటి యజమాని

తా.క. పాత ఫిల్టర్‌కి కన్నం పొడిచి, ట్రే మీద బోర్లించి పన్నెండు గంటలు కార్చాలి. ఇది రాస్తూ మూలకు చూస్తే అది పక్కకు ఒరిగి పడుకుని ఉంది. దాని కింద నీ తమ్ముడు పుట్టాడు.