కోడ్ చూసి సెన్సార్ మార్చేయడం మరమ్మతు కాదు

కారు లోపాలను చదివే స్కానర్ తెర మీద పి0135 అనే కోడ్ కనబడగానే "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, మార్చేయాలి" అని తేల్చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతోంది. ఇంజిన్ వదిలే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది ఈ సెన్సార్. ఆ కోడ్ చెప్పేది సెన్సార్ పోయిందని కాదు, దాన్ని వేడెక్కించే హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని. సర్క్యూట్ అంటే ఫ్యూజు, రిలే, వైరు, వైర్లను కలిపే కప్లర్, హీటర్, ఇంజిన్ కంప్యూటర్ దగ్గర అందే ఎర్త్, అన్నీ. వాటిలో ఒక్కటీ చూడకుండా అందులో ఖరీదైనదాన్ని విప్పి పారేయడం పనితనం ఎలా అవుతుంది?

నిరుడు విజయవాడలో ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. రెండో నెలలోనే డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ హెచ్చరిక లైటు వెలిగింది. ఇంటి దగ్గరి గ్యారేజీలో ఐదు నిమిషాల్లో తీర్పు చెప్పి, కొత్త సెన్సార్ వేసి, ఆరు వేలు తీసుకున్నారు. నాలుగో రోజు మళ్లీ అదే లైటు, అదే కోడ్. ఈసారి ఇంజిన్ కంప్యూటరే పోయి ఉంటుందన్నారు. దాని ధర విని గుండె జారి, బయటికి వచ్చేశాను.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆటో ఎలక్ట్రీషియన్. స్కానర్ జోలికి పోకుండా "పాత సెన్సార్ పారేశావా బాబూ?" అని అడిగారు. డిక్కీలోనే ఉంది. దానికున్న నాలుగు వైర్లలో ఒకే రంగువి రెండు హీటర్‌వి. వాటికి మీటరు పెడితే ఆరు ఓమ్‌లు చూపించింది. హీటర్ తెగిపోతే అసలు అంకే రాదట. అంటే నేను మార్పించింది బాగున్న సెన్సార్‌ను!

తర్వాత కారు వైపు కప్లర్ విప్పి, తాళం తిప్పి చూస్తే పన్నెండు వోల్టులు వస్తున్నాయి. కరెంటు బాగానే ఉంది కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఒక ఇండికేటర్ బల్బు తీసి అదే పిన్నుకూ ఎర్త్‌కూ కలిపారు. భగ్గున వెలగాల్సిన బల్బు ఆరిపోబోయే నిప్పుకణికలా ఎర్రగా మిణుకుమంది. "మీటరుకు రవ్వంత కరెంటు చాలు బాబూ. హీటర్‌కు రెండు ఆంపియర్లు కావాలి" అన్నారు. వైరు పట్టుకుని వెనక్కి వెళ్లి, కింద ఉన్న ఇంకో కప్లర్ తెరిచారు. ఒక పిన్ను నిండా పచ్చని చిలుము. సూదితో తాకగానే పొడిగా రాలింది. పిన్ను మార్చారు, నాలుగు వందలు తీసుకున్నారు.

ఆ చిలుము ఎక్కడిదో సీటు కింద కార్పెట్ ఎత్తితే తెలిసింది. మెత్తటి ఒండ్రు ఎండి అట్టకట్టి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఎన్ని కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయో మన ఊళ్లో అందరూ చూశారు. నాకు అమ్మినతను మాత్రం వరద మాటే ఎత్తలేదు. కడిగి, పాలిష్ పెట్టి అమ్మేయడాన్ని నేను మోసమనే అంటాను.

లైటే కదా, వెలగనీ అనేవాళ్లకు ఒక మాట. ఈ సెన్సార్ సుమారు మూడు వందల డిగ్రీలు వేడెక్కితే గానీ పని చేయదు. ఆ వేడిని త్వరగా ఇవ్వడానికే హీటర్. అది లేకపోతే ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును అంచనా మీద పోస్తుంది. హైదరాబాద్ రోడ్డెక్కితే పొగ వేడికి సెన్సార్ ఎలాగోలా పని చేస్తుంది కానీ, పటమట నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఆగి ఆగి వెళ్లేవాళ్లకు మైలేజీ పడిపోతుంది, ఊరికి పొగ మిగులుతుంది.

మొదటి గ్యారేజీవాళ్లు కొత్త సెన్సార్ వెనక్కి తీసుకోం అన్నారు. పెద్దాయన పాతదాన్నే తిరిగి బిగించారు. ఐదు నెలలైంది, లైటు వెలగలేదు.