మహారాజశ్రీ 0.05 గారికి, మిర్చి యార్డు నుంచి

అయ్యా,

గుంటూరు నుంచి నమస్కరించి రాయునది. తేజా, 334 అంటూ ఇక్కడ రకాలు చాలానే ఉండేవి. కనబడిన తేడా నిజమా, శాంపిలు గాలివాటమా అని తేల్చే లెక్కల్లో గీత గీసే మీరొచ్చాక సరుకు రెండే రకాలు: సిగ్నిఫికెంటు (తేడా ఉత్త గాలివాటం కాదనిపించేది), కానిది.

1925లో బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ఫిషర్ గారు ఇరవైలో ఒకటి (అంటే మీరే, 0.05) అన్న హద్దు వీలుగా ఉంటుందని మాత్రమే రాశారు. వీలు కోసం గీసిన ఆ గీత మీ చేతిలో లక్ష్మణరేఖ అయి కూర్చుంది.

లాటులో తేమ సగటు 11 శాతం అన్నది నల్ హైపాథసిస్ (తేడా లేదన్న మొదటి ఊహ) అనుకుందాం. 25 టిక్కీల (మిర్చి బస్తాల) నుంచి శాంపిలు తీస్తే సగటు 11.4, స్టాండర్డ్ డీవియేషన్ (తేమ సగటు చుట్టూ ఎంత చెదిరిందో చెప్పేది) 1 వచ్చాయి. ఆ 1ని 25 వర్గమూలంతో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ (శాంపిలు సగటు మామూలుగా అటూ ఇటూ తప్పే దూరం) 0.2. తేడా 0.4 గనక, దాన్ని ఆ ఎర్రర్‌తో భాగిస్తే టి విలువ 2. రెండువైపుల టెస్టుకి (తేమ ఎక్కువైనా తక్కువైనా పట్టేదానికి) టేబుల్లో మీరడిగేది 2.064. పి వాల్యూ, అంటే అసలు తేడా లేకున్నా ఇంత గానీ ఇంతకు మించి గానీ తేడా కనబడే అవకాశం, 0.057; మీ కిందికి దిగలేదు. వెంటనే రిపోర్టులో "తేడా లేదు" అని రాసేస్తారు! ఆధారం చాల్లేదంటే తేడా లేదనా? లాటులో నిజంగానే 0.4 తేడా ఉన్నా, 25 టిక్కీలతో దాదాపు సగం సార్లు మనకు దొరకదు.

గడుసువాళ్లు అక్కడ ఆగరు. ఫలితం చూశాక "మేం వెతికింది ఎక్కువ తేమనే" అంటూ ఒకవైపు టెస్టుకి మారతారు. గడప 1.711కి దిగుతుంది, పి 0.028, అవే కాయలు సిగ్నిఫికెంటు. రంగు, ఘాటు, తాలు, పొడవు అంటూ విడివిడిగా 20 టెస్టులు చేసేవాళ్లూ ఉన్నారు. ఎక్కడా ఏ తేడా లేకున్నా, ఆ టెస్టులు ఒకదానిపై ఒకటి ఆధారపడకపోతే, ఒక్కటైనా మీ కిందికి జారే అవకాశం 64 శాతం. ఇక 2,500 టిక్కీలు కొలిస్తే 0.04 తేడాకీ టి 2 వచ్చి మీ ఆశీర్వాదం దొరుకుతుంది. ఆ తేడాకి ధర తగ్గించే వ్యాపారి ఎక్కడున్నాడో చూపించండి.

మీ పక్కనే నోరెత్తకుండా నిలబడే 95 శాతం విశ్వాస అంతరం (అసలు సగటు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే పరిధి) 10.99 నుంచి 11.81 అంటోంది. తేమ ఎంత ఎక్కువ ఉండొచ్చో చెప్పేది అదే, బేరానికి పనికొచ్చేదీ అదే. అది ఇరుకవ్వాలంటే అడ్డదారి లేదు. నూజివీడు, నందిగామ బళ్లలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1945లోనే పక్షపాతం లేని అంచనాకి వేరియన్స్ (చెదురు) ఎంతకంటే తగ్గదో తేల్చారు. గంట ఆకారంలో పరుచుకునే నార్మల్ డేటాలో సగటు ఆ హద్దును తాకేసింది. ఎర్రర్ సగం కావాలా, 100 టిక్కీలు విప్పండి. అదీ పైనున్న పిడికెడు ఎండుకాయలు కాకుండా అడుగు దాకా చెయ్యి పెట్టి తీస్తేనే. పైపై కాయలు లక్ష తీసినా ఆ తప్పు తగ్గదు, మీకు తెలియనూ తెలియదు.

మీ కొలువు ఊడబెరకమనడం లేదు. ఏ టెస్టు, ఎటువైపు, ఎన్ని టిక్కీలు అన్నది శాంపిలు తీయకముందే రాయించండి. రిపోర్టులో అంతరాన్ని ముందు కూర్చోనివ్వండి.

ఇట్లు,
మీ గీతకు 0.007 దూరంలో ఆగిపోయిన లాటు

తా.క.: మీ కుర్చీలో 0.005 గారిని కూర్చోబెట్టాలని 2018లో 72 మంది పరిశోధకులు ఒక వ్యాసంలో కోరారు. ఆయనొచ్చినా 0.0049కీ 0.0051కీ తగాదా మాత్రం మా యార్డులోనే.