పారస్‌నాథ్ కొండ డోలీ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ డోలీ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. గారు అన్నది ఉత్తరం మర్యాద కోసం, ఇక్కణ్ణించి నువ్వే. మా మోకాళ్ళు ఇంకా నా మాట వినట్లేదు, నీకైతే మోకాళ్ళే లేవు కాబట్టి క్షేమమే అనుకుంటున్నా.

నన్ను గుర్తుపట్టి ఉండవులే, మా పక్క ఫ్లాట్ జైన్ ఫ్యామిలీ శిఖర్‌జీ, అదే నీ పారస్‌నాథ్ కొండకి, వెళ్తుంటే తోకలాగా వెంటపడి వచ్చిన తెలుగోణ్ణి. జార్ఖండ్‌లో గిరిడీ జిల్లా, కింద మధుబన్ ఊరు, పైన నీ కొండ. జైనుల మహాగురువులైన 24 మంది తీర్థంకరుల్లో 20 మందికి మోక్షం వచ్చింది ఇక్కడే అని వాళ్ళ నమ్మకం, అందుకే జీవితంలో ఒక్కసారైనా ఎక్కాలంటారు. ధర్మశాలలో పొద్దు పోకముందే అన్నాలు పెట్టేసి, ఉల్లిపాయ ఊసే లేని కూర తినిపించి, తెల్లారుజామున మూడింటికి లేపి చేతికో కర్ర ఇచ్చి తోలారు. ఎక్కడానికి 9 కిలోమీటర్లు, పైన టోంకులన్నీ, అంటే చిన్న చిన్న గుళ్ళన్నీ, తిరగడానికి 9, దిగడానికి 9. నిష్ఠగా చేసేవాళ్ళు చెప్పుల్లేకుండా, మళ్ళీ కిందకొచ్చేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టకుండా 27 కిలోమీటర్లూ నడుస్తారు, వాళ్ళకి మాత్రం నిజంగా దండం పెట్టా.

మిగతావాళ్ళకి నువ్వు. నువ్వంటే అప్పటిదాకా ఏదో పల్లకీకి చిన్న తమ్ముడు అనుకున్నా, కానీ నీ పక్కన కాటా ఉంది చూశావా, అక్కడ పడిపోయా. మనిషిని తూచి రేటు చెప్తారు! సన్నగా ఉంటే ఇద్దరు మోస్తారు, దిట్టంగా ఉంటే నలుగురు. మా గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలకి కూడా ఇంత బేరం జరగదేమో, ఒక పెద్దాయన స్వెటర్ తీసి, శాలువా తీసి, జేబులో ఫోన్ కూడా కొడుక్కిచ్చి కాటా ఎక్కాడు, రేటు ఖాయం అవ్వగానే అన్నీ మళ్ళీ తొడుక్కుని నీలో కూర్చున్నాడు. ఏదీ దగ్గర ఉంచుకోకూడదనే జైనుల అపరిగ్రహానికి ఇంత ప్రాక్టికల్ డెమో నేనెక్కడా చూళ్ళేదు.

దారిలో ఇంకోటి. చీకట్లో టార్చి వేసుకుని నడుస్తుంటే వెనకనుంచి ఎవరో "భయ్యా, చీమలున్నాయి, చూసి అడుగెయ్యండి" అన్నారు, సరే మంచిమాటే కదా అని పక్కకి తప్పుకున్నా, తిరిగి చూస్తే ఆ అహింస నీ మీంచి వస్తోంది! కింద నలుగురు ఆయాసపడుతూ మోస్తున్నారు, అందులో ముందున్నతను హవాయి చెప్పుల్తో, చలిలో కూడా చెమట కారిపోతూ. చీమకున్న పాటి సీనియారిటీ అతనికి లేదన్నమాట.

అలాగని ఎక్కిన ప్రతివాళ్ళనీ అననులే. ఎనభై దాటిన ఒక బామ్మగారు కళ్ళు మూసుకుని దారంతా నవకార్ మంత్రం చదువుతూనే ఉంది, ఆవిడ్ని మోసుకుపో, పైనుంచి జాగ్రత్తగా దింపు కూడా. ఆవిడ వెనక డోలీలో పాతికేళ్ళ కుర్రాడు రీల్ తీసుకుంటూ వచ్చాడు, వాడి గురించే ఈ ఉత్తరం. (నేను ఎక్కలేదు. గొప్పేం కాదు, అంతమంది ముందు కాటా ఎక్కడానికి సిగ్గేసింది.)

నిన్ను మోసేవాళ్ళు చాలావరకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, సంతాల్ ఆదివాసీలు కూడా ఉన్నారు, వాళ్ళకి ఈ కొండే మరాంగ్ బురు, వాళ్ళ పెద్ద దేవుడు. 2023 జనవరిలో ఇక్కడ టూరిజం వద్దని జైనులు దేశమంతా రోడ్డెక్కితే కేంద్రం 5వ తారీఖున ఆ పనులు ఆపమంది, ఆ వెంటనే సంతాలులు మా కొండ మీద మా హక్కుల మాటేంటి అని లేచారు. ఇంత గొడవ జరిగినా నీ తీరు మాత్రం మారలేదు, ఒకళ్ళ దేవుడి మీదకి ఇంకొకళ్ళ భక్తుణ్ణి కిలోల లెక్కన మోస్తూనే ఉన్నారు.

అసలు నువ్వు మాకు కొత్తేం కాదు. పంబ దగ్గర అయ్యప్ప స్వాముల్ని మోయడం మావాళ్ళు చూసిందే. అల్లూరి జిల్లాలో, పార్వతీపురం మన్యంలో వానాకాలం వస్తే పేపర్లో నీ ఫొటో పడాల్సిందే, నొప్పులొస్తున్న ఆడమనిషిని అంబులెన్సు ఆగిపోయిన చోటిదాకా వాగులు దాటించి తీసుకెళ్తుంటావు. అక్కడ నీకు కుర్చీ లేదు, ఒక కర్రా ఒక దుప్పటీ అంతే, కాటా లేదు, కిరాయి లేదు, మోసేది మొగుడూ బామ్మర్దీ ఊళ్ళో కుర్రాళ్ళూ. అక్కడ నిన్ను చూస్తే సిగ్గుచేటు అంటారు, డోలీ మోతలు లేకుండా చేస్తామని నాయకులు మైకు పట్టుకుని చెప్తారు. ఇక్కడికొస్తే నువ్వు లేకపోతే యాత్ర ఎలా అండీ అంటారు. రోడ్డు లేనివాళ్ళు ఎక్కితే వార్తవి, నడవబుద్ధి కానివాళ్ళు ఎక్కితే సౌకర్యానివి, ఎలా నెట్టుకొస్తున్నావో గానీ భలే ఉద్యోగం నీది.

నిన్ను రద్దు చెయ్యమని అడగను, రేపు నువ్వు లేకపోతే ఆ నలుగురి ఇళ్ళల్లో పొయ్యి వెలగదని నాకూ తెలుసు. గుజరాత్‌లో నీలాంటి ఇంకో యాత్రా కొండ గిర్నార్‌కి 2020లో రోప్‌వే వచ్చేసింది, ఆ కబురు నీ చెవిన పడే ఉంటుంది, కాబట్టి ఉన్నన్నాళ్ళు కాస్త బుద్ధిగా ఉండు. నా విన్నపం చిన్నది. ఈసారి యాత్రికుణ్ణి తూచాక కాటా పక్కకి జరపకుండా మోసేవాళ్ళని కూడా ఓసారి ఎక్కించు. నూరు కిలోల మనిషిని మోసేది యాభై కిలోల మనిషి అని ఆ రేటు బోర్డు మీదే రాయించు, ఎవరెక్కుతారో చూద్దాం. ఆ రీల్ కుర్రాడికి మాత్రం డబుల్ రేటు వెయ్యి.

ఇట్లు,
కర్ర పట్టుకుని, వంగి వంగి దిగిన ఒక తెలుగువాడు

తాజాకలం: ఆ పెద్దాయన శాలువా కనీసం రెండు కిలోలుంటుంది. మోసినవాళ్ళకి బాకీ ఇంకా అలాగే ఉంది.